ఎర్రనీళ్లు, నీలం కారు

పోయినవాటిని వరసగా చెప్పుకుంటూ వస్తే ఏడు తేలాయి. మా మేనమామ ముదురు నీలం కారు ఒకటి. ఆ కారుని నిలబెట్టి కడిగిన వేపచెట్టు నీడ రెండు. కాలవగట్టు మీద రాతిమెట్ల రేవు మూడు, ఇప్పుడక్కడ సిమెంటు గోడ కట్టేశారు. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిన నేతపంచెలు నాలుగు, ఇవాళ ఏ ఇంట్లో వెతికినా అలాంటిది ఒక్కటి దొరకదు. కారు తలుపులో మొహం చూసుకుని బొట్టు సరిచేసుకునే మా అత్తయ్య అయిదు, మా మామయ్య ఆరు, ఆ కారు నడిపిన డ్రైవరు బాబాయి ఏడు. చెట్లనీ బట్టల్నీ మనుషుల్నీ ఒకే వరసలో పెట్టి కూడడం తప్పేనని తెలుసు. కాని మొన్న ఆదివారం హైవే పక్కన వాటర్ వాష్ షెడ్డులో, నా కారు వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తూ, ఊరికే కూర్చోలేక వేళ్ల కణుపుల మీద వేసుకున్న లెక్క ఇది.

అసలు నేనక్కడ కుర్చీలో కూర్చున్నది నాలుగు నిమిషాలే. షెడ్డులో పనిచేసే అతను కారుకి నురగ పట్టించి, గొట్టంతో నీళ్లు చిమ్మి, ఆ తరవాత నేల మీద పడి ఉన్న గుడ్డ తీసి, ఒక్కసారి దులిపి, దాంతోనే బానెట్టు మీద గుండ్రంగా తిప్పి తిప్పి రుద్దడం మొదలుపెట్టాడు. నేను లేచి వెళ్లి, ఆ గుడ్డలో ఇసక ఉంటుంది బాబూ అన్నాను. "ఏం కాదండి సార్, రోజుకి నలభై బళ్లు ఇలాగే తుడుస్తానండి" అని నవ్వాడు. అతని తప్పు లేదు, అతనికి నేర్పినవాళ్లు లేరు. కాని నా కాళ్లు అక్కడ నిలవలేదు. రోడ్డు దాకా వెళ్లాను, మళ్లీ వచ్చాను, మళ్లీ వెళ్లాను. కారు కడగడం చూస్తే నాకిలా ఒంట్లో తేళ్లు పాకినట్టుండడం పాతికేళ్ల పైమాట. దాని మూలం చెబితే తప్ప ఈ తిరుగుడు ఆగేలా లేదు.

నా వయసు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, తొంభైల చివర్లో మన ఊళ్లలో ట్రాక్టర్లు ఎన్నయినా ఉండేవి గాని సొంత కారున్న ఇళ్లని ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టేవాళ్లం. నేను పదో తరగతితో చదువు ఆపేసి, కడియంలో మా పెద్ద మేనమామ నర్సరీలో గుమాస్తాగా చేరాను. లెక్కలు నాకెవరూ నేర్పలేదు. రోజూ లారీలకెక్కే మొక్కల్ని, ఒకటి అనకుండా లాభం అని మొదలుపెట్టి, "లాభం, రెండు, మూడు" అంటూ లెక్కపెట్టి పెట్టి, అంకెలు వాటంతటవే నాతో మాట్లాడడం మొదలుపెట్టాయి. ఎంత పెద్ద మడి చూసినా పొడుగు ఎన్ని, అడ్డం ఎన్ని అని చూసి మొత్తం చెప్పేసేవాణ్ణి. వెయ్యికి ఒకటి తేడా వచ్చేది కాదు. ఆ గర్వం కొంచెం ఎక్కువగానే ఉండేది నాకు.

మామయ్య కారు కొన్నప్పుడు రంగు ఎంచింది అత్తయ్య. సిరాబుడ్డి లోపలికి తొంగి చూస్తే కనిపించే నీలం. అందమైన రంగే, కాని ముదురు రంగు మీద గీత దాగదు. దానికి తోడు మా నర్సరీ అంతా ఎర్రమట్టి, ఎరువు, ఏటి ఇసక. గేటు దాటి లోపలికొస్తే చాలు, కారు ఒళ్లంతా దుమ్మే. అయినా మూడేళ్లపాటు ఆ కారు మీద ఒక్క గీత లేకుండా ఉందంటే దానికి కారణం డ్రైవరు బాబాయి. ఆయన మాకు చుట్టం కాదు, రామచంద్రపురం అవతల పల్లెటూరాయన. శనివారం సాయంత్రం ఇంటికెళ్లి ఆదివారం పొద్దున్నే వచ్చేసేవాడు. వయసుకి పెద్దవాడని నేను బాబాయ్ అనేవాణ్ణి, యజమాని మేనల్లుణ్ణని ఆయన నన్ను అబ్బాయిగారూ అని, మీరు అని పిలిచేవాడు.

ఆయన కారు కడగడం చూస్తే ఇంత నిదానమేమిటా అని నాకు విసుగ్గా ఉండేది. ఎండలో ఎప్పుడూ కడిగేవాడు కాదు, వేపచెట్టు కిందికి తెచ్చి, బానెట్టు మీద అరచెయ్యి ఆనించి, చల్లబడిందనుకున్నాకే బక్కెట్టు ముట్టేవాడు. వేలి ఉంగరం తీసి జేబులో వేసుకునేవాడు. మొదటి రెండు బక్కెట్లు ఊరికే పైనుంచి పోసేవాడు, చెయ్యి తగలనిచ్చేవాడు కాదు. గుడ్డలు నాలుగు, అన్నీ పాత నేతపంచెలు చింపినవే, అంచు కత్తిరించేసి ఉంచేవాడు, ఎందుకంటే అంచు దారం బిరుసు. చక్రాల గుడ్డ వేరు, పైగుడ్డ వేరు. నేల మీద పడ్డ గుడ్డని ఇక ఆరోజుకి కారుకి తగలనిచ్చేవాడు కాదు.

అన్నిటికంటే నీళ్ల దగ్గర ఆయన పట్టింపు ఎక్కువ. కాలవలు కట్టేసిన వేసవిలో బావినీళ్లు వాడేవాడు. వాటిలో ఉప్పు ఉంటుంది గనక ఆరకముందే గుడ్డతో అద్దెయ్యాలి, లేకపోతే తెల్లచుక్కలు పడతాయి. కాలవకి నీళ్లొదిలాక, గోదావరికి వరద తగిలి ఎర్రనీళ్లొచ్చే రోజుల్లో, ముందురోజు రాత్రే సిమెంటు గోలెం నింపి, పటిక ముక్క చేత్తో పట్టుకుని నీళ్లలో ఏడెనిమిది చుట్లు తిప్పి, మూత పెట్టేవాడు. తెల్లారేసరికి మట్టి అడుక్కి దిగేది. పైన తేరిన నీళ్లు మాత్రం చెంబుతో ముంచి వాడేవాడు, అడుగుది మొక్కలకి పోసేవాడు. తాగే నీళ్లకి మన ఇళ్లలో ఆడవాళ్లు చేసిన పనే ఆయన కారుకి చేసేవాడు. ఆ ఒండ్రు మన చేలకి అన్నం పెట్టే తల్లి, కాదనను. కాని అదే ఒండ్రు గుడ్డకీ రంగుకీ మధ్య పడితే గరుకు కాగితమే.

ఇదంతా ఇవాళ చెబుతున్నాను గాని ఆరోజు నాకు పట్టలేదు.

శ్రావణం వచ్చింది. కాలవ నిండా ఎర్రనీళ్లు. బాబాయి అన్నగారింట పెళ్లికని మూడు రోజులు సెలవు మీద వెళ్లాడు. మర్నాడు పొద్దున్నే మామయ్యా అత్తయ్యా రాజమండ్రిలో ఒక నిశ్చితార్థానికి వెళ్లాలి. మామయ్య చేను చూడ్డానికి కారు తనే నడుపుకుని వెళ్లి, తలుపుల దాకా బురదతో తిరిగొచ్చి, "ఏంటిరా ఇది, నాట్లేసి వచ్చినట్టుంది మన బండి" అని నవ్వి లోపలికి వెళ్లిపోయాడు. కడగమని నాకు చెప్పలేదు. నేనే అనుకున్నాను, బాబాయి లేకపోతే ఈ ఇంట్లో కారు కడిగేవాడే లేడా అని. ఆయన్ని అందరూ మెచ్చుకోవడం మూడేళ్లుగా వింటున్నాను మరి.

లెక్క వేశాను. ఆయన వాడేది ఆరు బక్కెట్లు. గోలెంలో తేరిన నీళ్లు ఒకటిన్నర బక్కెట్టు కూడా లేవు. కొత్తగా తేర్చాలంటే ఒక రాత్రి కావాలి. నాకున్నది పొద్దుగూకే లోపు రెండు గంటలు. కాలవ పన్నెండు అడుగుల దూరంలో ఉంది. నీళ్లు నీళ్లే కదా అనుకున్నాను. ఎన్ని బక్కెట్లు కావాలో లెక్కపెట్టాను గాని ఒక్కో బక్కెట్టులో ఎంత మట్టి ఉందో లెక్కలోకి తీసుకోలేదు. ఇంకో పొరపాటు మా డెల్టావాడు తప్ప వేరెవడూ చెయ్యడేమో. మన ఊళ్లలో పుట్టినవాడికి కడగడమంటే ముందు గేదెని కడగడమే. ఎండుగడ్డి చుట్ట చేసి, రేవులో నీళ్లు కొడుతూ, గట్టిగా గుండ్రంగా రుద్దితే గేదె నల్లగా నిగనిగలాడుతుంది, సుఖానికి కళ్లు కూడా మూస్తుంది. చేతికి అలవాటైన పని చెయ్యే చేసేసింది. గడ్డిచుట్టతో తలుపుల బురద తోమాను, అదే చుట్టతో బానెట్టు, అదే చుట్టతో పైకప్పు. తడిమీద కారు అద్దంలా మెరిసింది. మురిసిపోయాను.

ఆరింది. పడమటి ఎండ ఏటవాలుగా బానెట్టు మీద పడింది. సాలెగూళ్లు అల్లినట్టు గీతలు, ఒకదాని మీద ఒకటి, చుట్లు చుట్లుగా. చేత్తో తుడిచాను, పోలేదు. కళ్లు మూసి తెరిచాను, ఉన్నాయి. అప్పుడు కూడా నేను చేసిన పని చూడండి, ఒక జానెడు చదరంలో గీతలు లెక్కపెట్టాను. నలభై మూడు. బానెట్టు పొడుగు ఆరు జానలు, అడ్డం అయిదు, ముప్పై చదరాలు. పన్నెండువందల తొంభై. పైకప్పూ తలుపులూ ఇందులో కలపలేదు, కలిపే ధైర్యం లేకపోయింది.

ఆ తరవాత చేసింది అంతకన్నా పెద్ద తప్పు. అత్తయ్య తలకి రాసుకునే కొబ్బరినూనె సీసా తెచ్చి, గుడ్డ మీద పోసి కారంతా పట్టించాను. కొబ్బరినూనె పట్టగానే గీతలు మాయమైపోయాయి. తెల్లారి ప్రయాణమయ్యేటప్పుడు అత్తయ్య అలవాటుగా తలుపులో చూసుకుని బొట్టు దిద్దుకుంటూ, "ఏంట్రా, ఇవాళ మన కారు తలంటుకున్నట్టుంది!" అంది. అందరం నవ్వాం. అందరికంటే గట్టిగా నేను నవ్వాను.

మూడోరోజు బాబాయి వచ్చాడు. నూనెకి పట్టిన దుమ్ము చూసి, వేలితో తాకి వాసన చూసి, రాత్రికి నీళ్లు తేర్చి పెట్టుకుని, మర్నాడు సబ్బునీళ్లతో నిదానంగా కడిగాడు. నూనె పోయింది. గీతలన్నీ పైకి తేలాయి. సరిగ్గా అప్పుడే మామయ్య మొక్కల మడుల మధ్యనుంచి అటు వచ్చాడు.

"ఏంటయ్యా ఇది? కడిగావా, తాపీ పెట్టి గీకావా?"

"నేను కాదండి" అన్నాడు బాబాయి.

"గుడ్డ నీ చేతిలో ఉంది, గీతలు బండి మీదున్నాయి. నువ్వు కాకపోతే మా గేదె వచ్చి ఒళ్లు రుద్దుకుని వెళ్లిందా?"

మొక్కలు మోసే కూలీలు కిసుక్కున నవ్వారు. మామయ్య చెడ్డవాడు కాదు, కాని కోపంలో మాట వెనక్కి తీసుకోవడం తెలియని మనిషి. రేపట్నుంచి రావద్దన్నాడు. బాబాయి వంగి, వైపరు సందులోంచి ఏదో తీసి చూసి జేబులో వేసుకున్నాడు. తాళంచెవి స్టూలు మీద పెట్టి, గుడ్డలు నాలుగూ పిండి తీగ మీద ఆరేసి, "వస్తానండి" అని వెళ్లిపోయాడు. మొక్కల పుస్తకం చేతిలో పట్టుకుని నేను పది అడుగుల దూరంలో నిలబడే ఉన్నాను.

ఆ తరవాత పదకొండు రోజులు నేను కుదురుగా కూర్చుని అన్నం తినలేదు. చెప్పేద్దామని మామయ్య గది గుమ్మం దాకా వెళ్లడం, ఆయన తలెత్తితే లారీ వచ్చిందనో మరొకటో చెప్పి వచ్చేయడం. రోజుకి రెండుసార్లయినా తీగ మీది గుడ్డలు చూసేవాణ్ణి, ఎండకి అట్టకట్టినట్టు అయిపోయాయి, తీసి మడతపెట్టే మనిషి లేడు. లెక్క తప్పడం కూడా అప్పుడే మొదలైంది. ఒక లారీకి వెయ్యి కొబ్బరిమొక్కలని రాసి తొమ్మిదివందల అరవై ఎక్కించాను. మామయ్య వింతగా చూసి, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. ఆ ప్రేమకి ఇంకా భయం వేసింది.

పదకొండో రోజు మధ్యాహ్నం బాబాయి భార్య వచ్చింది. ఆయన గుడ్డలూ పటిక ముక్కా తీసుకెళ్లడానికి వచ్చానంది. అత్తయ్య మజ్జిగ ఇచ్చి కూర్చోమంటే కూర్చోలేదు. తీగ మీద గుడ్డలు తీస్తూనే మెల్లిగా అడిగింది. "అమ్మగారూ, నిజం చెప్పండి, మా ఆయన ఆరోజు తాగి కడిగాడా అండి? మా వీధిలో అందరూ అదే అంటన్నారు. ఆయనకి ఆ అలవాటు లేదమ్మా. లేదనే అనుకుంటున్నాను. ఇప్పుడు నాకే అనుమానం వస్తంది."

కట్టుకున్న మనిషికే అనుమానం వచ్చిందన్న మాట నా చెవిలో పడ్డాక ఇంక నిలబడలేకపోయాను. మామయ్య దగ్గరికి వెళ్లి గడ్డిచుట్ట దగ్గర్నుంచి కొబ్బరినూనె దాకా అంతా చెప్పేశాను.

"అంటే, నేను కాదండి అని ఆయన అన్నప్పుడు నువ్వక్కడే ఉన్నావు."

"ఉన్నాను మామయ్యా."

"ఎంత దూరంలో?"

"పది అడుగులు."

"లెక్క మాత్రం బాగా చెప్తావురా అల్లుడూ" అన్నాడు. కొట్టినా బాగుండేది. "వెళ్లు. నీ నోటితో నువ్వే చెప్పి తీసుకురా. ఆయన రానంటే నువ్వూ రాకు."

ఆ సాయంత్రమే బస్సెక్కాను. బాబాయి వీధి గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నేను నోరు తెరవకముందే, "తెలుసండి" అన్నాడు. "వైపరు సందులో గడ్డిపోచ దొరికిందండి. నేనెప్పుడైనా గడ్డి పెట్టి కడిగానా?"

మరి ఆరోజే ఎందుకు చెప్పలేదు బాబాయ్ అన్నాను.

"చెప్తే ఏవవుద్దండి? మీ మావయ్యగారు నన్ను నమ్మితే, ఆ ఇంట్లో మీకు అన్నం చేదవుద్ది. నమ్మకపోతే నాకు ఒక తప్పు కాస్తా రెండవుద్ది. మీరే చెప్తారని చూశానండి." వీధి చివరిదాకా చూసి, "రమ్మంటే వస్తానండి. కారు గీతలకేవుంది, పాలీషు కొడితే పోతాయి. ఈ వీధిలో మా ఇల్లు కాక పద్నాలుగు గడపలున్నాయండి. తాగి కడిగితే తీసేశారని అన్ని గడపల్లోనూ అనుకుంటన్నారు. నేను చెప్తే నమ్మరు. మీరు చెప్పండి, చాలు."

మొదటి గడపలో ఒక ముసలమ్మ చేట పక్కన పెట్టి అంతా విని, "గడ్డెట్టి తోమావా నాయనా! కొమ్ములు కూడా కడిగావా?" అని పళ్లులేని నోటితో పకపకా నవ్వింది. రెండో ఇంట్లో నవ్వలేదు, పాపం ఆయన్ని మేం ఎన్నేసి మాటలనుకున్నాం అని నొచ్చుకున్నారు. మూడు, నాలుగు, అయిదు. ప్రతి గడపలోనూ అవే మాటలు మొదట్నుంచి చెప్పాలి. తొమ్మిదో ఇంటివాళ్లు టీ ఇచ్చారు. బాబాయి తన మెట్టు మీద కూర్చునే ఉన్నాడు, వెంట రాలేదు.

పదో ఇంటికి పెద్ద అరుగు ఉంది. దాని మీద ఎనిమిది మంది మగవాళ్లు పేకాడుతున్నారు. తాగాడన్న మాట మొదట పుట్టింది ఆ అరుగు మీదేనని తొమ్మిదో ఇంటావిడే చెప్పింది. ఒక మనిషి ముందు తలదించుకోవడం వేరు, ఎనిమిది మంది ముక్కలు దించి నా వైపు చూస్తుంటే చెప్పడం వేరు. ఒకాయన "ఏం కావాలి బాబూ?" అన్నాడు. ఏం లేదండి అన్నాను. వెనక్కి తిరిగాను.

ఆఖరి బస్సుకి టైమైపోతోంది బాబాయ్, మిగతావాళ్లకి రేపొచ్చి చెప్తాను అన్నాను. బస్సుకి ఇంకా నలభై నిమిషాలుంది. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

"తొమ్మిది గడపలయ్యాయండి" అన్నాడు ఆయన. తరవాత, "ఆయ్, అలాగేనండి" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పనిలోకి వచ్చేశాడు. మామయ్య ఎదురెళ్లి చేతులు పట్టుకున్నాడు. రాజమండ్రిలో పాలీషు పట్టిస్తే, బాబాయి చెప్పినట్టే, పన్నెండువందల తొంభై గీతలూ రెండు రోజుల్లో పోయాయి. ఆ ఆదివారం నుంచి కారు కడిగేటప్పుడు నన్ను పక్కన నిలబెట్టుకుని నేర్పాడు. గుడ్డని గుండ్రంగా తిప్పకూడదండి, బానెట్టు పొడుగునా తిన్నగా లాగాలండి, అప్పుడు ఒకవేళ గీత పడ్డా వెలుగులో చుట్లు చుట్లుగా కనపడదు. రెండు బక్కెట్లు ఉండాలి, సబ్బుది ఒకటి, గుడ్డ జాడించేది ఒకటి. పైనుంచి కిందికే రావాలి, కింద ముట్టిన గుడ్డ మళ్లీ పైకి ఎక్కకూడదు. పిట్ట రెట్టని గోకకూడదు, తడిగుడ్డ వేసి నానబెట్టాలి. తుడవడం కాదు, అద్దాలి, పసిపాపకి తల తడి ఒత్తినట్టు. ఆరేళ్లు అలా కడిగాం ఇద్దరం. ఒక్క గీత పడలేదు. ఆ ఆరేళ్లలో ఒక్కసారి కూడా మిగతా గడపల ఊసు ఆయన ఎత్తలేదు. నేను మొదటి వారం వెళ్దామనుకున్నాను, పండగ తరవాత అనుకున్నాను, ఏడాది తిరిగాక ఇప్పుడు వెళ్లి ఆ పాత సంగతి తవ్వడమెందుకు అనుకున్నాను. ఆదివారం ఆయన ఎదురుగా నిలబడి గుడ్డ పిండుతుంటే మాత్రం కాళ్లు నేల మీద ఆనేవి కావు.

ఆయన పోయినప్పుడు వెళ్లాను. పదో ఇంటి అరుగు మీది పెద్దమనుషులు కూడా వచ్చి నిలబడ్డారు. నేను వాళ్ల పక్కనే నిలబడ్డాను, అప్పుడూ నోరు రాలేదు. దినం నాడు ఆయన భార్య మాటల్లో చెప్పింది, శనివారం బస్సు దిగితే ఆయన వీధిలోంచి తిన్నగా వచ్చేవాడు కాదట, ఆ అరుగు తగలకుండా చేలగట్టు మీదుగా చుట్టు తిరిగి పెరటి దోవన ఇంట్లోకి వచ్చేవాడట. ఆరేళ్లూ అంతేనట. ఎందుకలా అంటే దారి బాగుంటుంది, చేలగాలి వస్తుంది అనేవాడట.

ఇప్పుడు ఆ వీధి సిమెంటు రోడ్డయింది. పదో ఇంటి అరుగు రోడ్డులో కలిసిపోయింది. దాని పక్కన రెండిళ్లకి తాళాలు, మరొకచోట మేడ లేచింది, చివరి ఇంట్లో ఎవరో అద్దెకున్నారు. చెబుదామని నిరుడు ఒకసారి వెళ్లి, ఎవరికి చెప్పాలో తెలియక వీధి ఆ చివరి దాకా రెండుసార్లు నడిచి వచ్చేశాను. కార్లు కూడా మారిపోయాయి, ఇంటికొకటి, ఇంటికి రెండు. గీత పడితే ఎవరు గీశారని అడిగేవాడు లేడు, ఇంకో పొర పూయించుకుని వెళ్లిపోతారు. ఒక గీత కోసం ఒక మనిషి పరువు పోవడమూ లేదు, ఒక మనిషి పరువు కోసం ఇంటింటికీ వెళ్లి చెప్పమని అడిగేవాళ్లూ లేరు. ఇది మంచికో చెడుకో నాకు తెలియదు, అంకెలతో తేలే లెక్క కాదిది.

తేలే లెక్క ఒక్కటే ఉంది. ఆయన అడిగింది పద్నాలుగు గడపలు. నేను చెప్పింది తొమ్మిది. ఇవాళ్టికి కూడా బాకీ అయిదు.